మన పట్టణాల రాత్రి వేడి



ఏప్రిల్ సగం దాటిందంటే సాయంత్రం వార్తల్లో మన జగిత్యాల జిల్లా మండలాల పేర్లు తరచూ వినిపిస్తాయి. ధర్మపురి, గొల్లపల్లి, సారంగాపూర్, రాయికల్. ఇవాళ రాష్ట్రంలో ఎక్కువ ఎండ కాసింది ఫలానా చోట అని చెప్పి, నలభై నాలుగనో నలభై అయిదనో ఒక అంకె చదువుతారు. ఆ అంకె ఊరికే రాలేదు. రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సొసైటీ తెలంగాణ అంతటా వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు పెట్టింది. ఎండ, వాన, గాలి, తేమ కొలిచి అవి గంటగంటకూ లెక్క పంపుతాయి. ఇది మెచ్చుకోవలసిన పని.

అయితే వార్తల్లో చదివే ఆ అంకె మధ్యాహ్నం మూడు గంటల వేళది. నేను ఇవాళ మీతో మాట్లాడదలచింది అర్ధరాత్రి దాటాక రెండు గంటల వేళ గురించి. జగిత్యాలలో, కోరుట్లలో, సిరిసిల్లలో ఆ వేళకు ఇంటి లోపల ఎంత వేడి ఉంటుందో ఏ వార్తలోనూ రాదు. మనిషి శరీరం పగలంతా పడ్డ ఎండ దెబ్బ నుంచి తేరుకునేది ఆ వేళలోనే. రాత్రి చల్లబడకపోతే మరునాటి ఎండ అలసిపోయిన గుండె మీద పడుతుంది. 2015 మే నెల వడగాడ్పులకు దేశంలో రెండు వేలమందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వాళ్లే. 2025 ఏప్రిల్‌లో మన రాష్ట్ర ప్రభుత్వం వడదెబ్బను విపత్తుగా ప్రకటించి, చనిపోయినవారి కుటుంబానికి నాలుగు లక్షల రూపాయల సాయం ఇస్తామంది. సాయం మంచిదే. కానీ మనిషి పోయాక అందే సాయం కంటే, ఏ వీధిలో ఏ ఇంట్లో రాత్రి వేడి దిగడం లేదో ముందే తెలుసుకోవడం నాకు ముఖ్యమనిపిస్తుంది.

పట్టణం వేడి వేరు, పల్లె వేడి వేరు అని మొదట లెక్కకట్టి చూపినవాడు లండన్‌లో మందుల తయారీ వృత్తిగా బతికిన ల్యూక్ హోవార్డ్. మబ్బులకు ఇవాళ శాస్త్రజ్ఞులు వాడే పేర్లు పెట్టింది కూడా ఆయనే. నగరం బయట పల్లె వాతావరణంలో తాను తీసుకున్న కొలతలను నగరం నడిబొడ్డున తీసుకున్న కొలతలతో ఏళ్ల తరబడి సరిచూసి, 1818లో లండన్ వాతావరణం మీద పుస్తకం తెచ్చాడు. రాత్రిపూట నగరం పల్లె కంటే దాదాపు రెండు సెల్సియస్ డిగ్రీలు వేడిగా ఉందని తేల్చాడు. పగటిపూట మాత్రం నగరమే రవ్వంత చల్లగా ఉందన్నాడు. ఈ రెండో మాటను చాలామంది మరచిపోయారు. మన పట్టణాలకు ఆ రెండో మాటే అసలు సంగతి. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

హోవార్డ్ దగ్గర ఉన్నవి థర్మామీటరు, నోటుపుస్తకం లాంటి మామూలు సాధనాలే. ఇవాళ మనకు ఉపగ్రహాలున్నాయి, కంప్యూటర్లున్నాయి, మెషిన్ లెర్నింగ్ ఉంది. ఈ మెషిన్ లెర్నింగ్ అనే మాట మీరు వినే ఉంటారు. ఎంతో తెలివైన యంత్రం ఏదో ఉందనిపిస్తుంది గానీ, పని తీరు అంత అంతుబట్టనిది కాదు. జగిత్యాల పక్కన చల్‌గల్ మామిడి మార్కెట్‌లో అనుభవమున్న వ్యాపారి బండి మీద కాయను చూడగానే ఎన్ని రోజుల్లో పండుతుందో చెప్పేస్తాడు. ఆయనకు ఎవరూ సూత్రం రాసివ్వలేదు. ఏళ్ల తరబడి వేల బండ్లు చూశాడు, ఏ కాయ ఏమైందో గుర్తుపెట్టుకున్నాడు. యంత్రం చేసేదీ అంతే. ఎన్నడూ చూడని రకం కాయ తెచ్చి ముందు పెడితే ఆ వ్యాపారి "నాకు తెలియదు" అంటాడు. యంత్రం ఆ మాట తనంత తాను అనదు. తప్పయినా సరే, ఒక అంకె చెప్పేస్తుంది.

పట్టణం వేడిని లెక్కించడానికి దీన్ని ఇలా వాడతారు. పట్టణం పటాన్ని వంద మీటర్ల గళ్లుగా కోస్తారు. ఒక్కో గడిలో కప్పు రేకులా, స్లాబా, గూన పెంకులా, చెట్లు ఎన్ని, చెరువు ఎంత దూరం, రోడ్డు ఎంత వెడల్పు, ఇళ్లు ఎంత ఇరుకు, ఇవన్నీ ఉపగ్రహ చిత్రాల నుంచి తీస్తారు. కొన్ని గళ్లలో నిజంగా థర్మామీటర్లు పెడతారు. థర్మామీటరు ఉన్న గళ్లను చూసి యంత్రం నేర్చుకుని, లేని గళ్లకు అంచనా చెబుతుంది. ఇలా నేర్చుకున్న లెక్క తీరునే మోడల్ అంటారు. ప్రపంచమంతటా ఇళ్ల తీరును బట్టి నేలను పదిహేడు రకాలుగా విడదీసే పద్ధతి ఒకటి 2012లో స్టీవార్ట్, ఓక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఇచ్చారు. ఆ పద్ధతిలో భూగోళం మొత్తానికి పటం గీసింది కూడా మెషిన్ లెర్నింగే.

పట్టణం వేడిని లెక్కించడానికి ఇంకో దారి కూడా ఉంది. గాలి, వేడి, తేమల భౌతిక సూత్రాలన్నీ సూపర్ కంప్యూటర్‌కు ఇచ్చి లెక్కవేయించడం. 2025 మేలో భారత వాతావరణ శాఖ భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ అనే మోడల్‌ను మొదలుపెట్టింది. అది దేశాన్ని ఆరు కిలోమీటర్ల గళ్లుగా చూస్తుంది. దేశమంతటికీ అది పెద్ద ముందడుగు. కానీ ఆరు కిలోమీటర్ల గడిలో కోరుట్ల పట్టణం మొత్తం ఒక్క చుక్క అయిపోతుంది. బీడీలు చుట్టే ఇరుకు గల్లీకి, చెట్టు నీడ ఉన్న కాలనీకి తేడా అందులో కనిపించదు. అందుకే చిన్న పట్టణాలకు ఉపగ్రహం, థర్మామీటరు, మెషిన్ లెర్నింగ్ కలిపిన దారే దగ్గర దారి.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. మొదటిది ఉపగ్రహం చూసే వేళ. వేడిని సన్నగా చూడగల ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు మన మీదుగా పోయేది పొద్దున పది, పదిన్నర ప్రాంతంలో. అప్పటికి ఎండ ఇంకా ముదరదు. రాత్రి కూడా చూసే మోడిస్ అనే పరికరం ఉంది కానీ దాని గడి ఒక కిలోమీటరు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మీద 2018 నుంచి ఉన్న ఎకోస్ట్రెస్ అనే పరికరం డెబ్బై మీటర్ల గడితో ఒక్కోసారి రాత్రి కూడా చూస్తుంది గానీ, రోజూ ఒకే వేళకు రాదు. ఇస్రో, ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థ కలిసి తయారుచేస్తున్న త్రిష్ణ ఉపగ్రహం పగలూ రాత్రీ సన్నటి గళ్లతో చూడాలని ఉద్దేశం. అది పైకి వెళ్లాక మనలాంటి పట్టణాలకు చాలా మేలు.

రెండో చిక్కు ఇంకా పెద్దది. ఉపగ్రహం చూసేది కప్పు పైభాగం వేడిని. కప్పు కింద మనిషి పీల్చే గాలి వేడి దానికి కనబడదు. మేలో మధ్యాహ్నం రేకుల కప్పు అరవై డిగ్రీలు దాటవచ్చు. దాని కింద మంచం మీద పడుకున్న పెద్దమనిషికి తగిలే వేడి వేరే అంకె. ఈ రెంటినీ ఒకటిగా చూసిన పటాలు చూడటానికి రంగులతో ఎంత బాగున్నా మనిషికి పనికిరావు.

ఇప్పుడు హోవార్డ్ రెండో మాట దగ్గరికి వద్దాం. 2017లో సైంటిఫిక్ రిపోర్ట్స్ అనే పత్రికలో గాంధీనగర్ ఐఐటీ శాస్త్రజ్ఞులున్న ఒక బృందం పరిశోధన వచ్చింది. మన దేశపు పట్టణ ప్రాంతాల్లో అరవై శాతానికి పైగా పగటిపూట చుట్టుపక్కల నేల కంటే చల్లగా ఉన్నాయని వాళ్లు చూపించారు. వినగానే నమ్మబుద్ధి కాదు. కారణం మాత్రం మన రైతుకు చెప్పనక్కర్లేదు. వేసవిలో ఊరి బయట పొలం కోసి, ఎండి, నెర్రెలిచ్చి ఉంటుంది. తడి లేని నేల పగలు మండిపోతుంది. ఊళ్లో కొన్ని చెట్లు, పెరళ్లు, నీళ్ల వాడకం ఉండటంతో పైకి చల్లగా కనిపిస్తుంది. నీటి పారుదల బాగా ఉన్న చోట మాత్రం చుట్టూ పచ్చగా, తడిగా ఉండి, పట్టణమే వేడిగా తేలుతుంది.

జగిత్యాలకు దీన్ని అన్వయించి చూడండి. శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ నీళ్లతో మార్చి దాకా చుట్టూ యాసంగి వరి పచ్చగా ఉంటుంది. అప్పుడు పట్టణం వేడి, పొలం చల్లన. ఏప్రిల్‌లో కోతలు పడతాయి. మే వచ్చేసరికి అదే పొలం కొయ్యకాళ్లతో ఎండిపోయి ఉంటుంది. అప్పుడు పగటి లెక్క తారుమారు కావచ్చు. మామిడి తోటలున్న వైపు ఒక తీరు, వరి కోసిన వైపు ఇంకో తీరు. ఒకే పట్టణం రెండు నెలల తేడాతో రెండు రకాలుగా ప్రవర్తిస్తుందన్నమాట. ఐరోపా నగరాల మీద నేర్చుకున్న మోడల్‌కు యాసంగి కోత అంటే ఏం తెలుసు? హైదరాబాద్ మీద నేర్చుకున్న మోడల్ కూడా మనకు సరిపోదు. పగటి అంకె ఇలా తిరగబడుతూ ఉంటే రాత్రి అంకె మాత్రం ఒక దిక్కుకే నడుస్తుంది. 2024లో భువనేశ్వర్ ఐఐటీ పరిశోధకులు 141 భారతీయ నగరాల రాత్రి ఉపరితల వేడిని 2003 నుంచి 2020 దాకా చూశారు. పెరిగిన వేడిలో మూడో వంతుకు పైగా పట్టణీకరణ ఒక్కదాని వల్లే వచ్చిందని తేల్చారు. మహానగరాలకంటే రెండో శ్రేణి పట్టణాల్లోనే ఈ ప్రభావం గట్టిగా ఉందనడం మనం గమనించాల్సిన మాట.

జగిత్యాలకు ఒక అదృష్టం ఉంది. పట్టణం బయట పొలాసలో వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. అక్కడ వాతావరణ కొలతలు పద్ధతిగా తీస్తారు, ఆ లెక్కల మీదనే రైతులకు సలహాలు వెళతాయి. అంటే హోవార్డ్‌కు లండన్ బయటి పల్లె ఎలాగో, జగిత్యాలకు పొలాస అలాగ. పల్లె వైపు కొలత మనకు సిద్ధంగా ఉంది. పట్టణం లోపల, ఇరుకు వీధుల్లో, అదే వేళకు తీసే కొలతలు దానికి జోడించాలి.

ఇక సిరిసిల్ల. నా మనసు ఎక్కువగా నిలిచేది ఇక్కడే.

బయటివాళ్లు మరమగ్గాలంటారు, సిరిసిల్లలో సాంచాలంటారు. వేల సాంచాలున్న ఊరు. రేకుల షెడ్డులో వరుసగా సాంచాలు, వాటి మధ్య సన్నటి సందు, ఆ సందులో కార్మికుడు. పగలొక షిఫ్టు, రాత్రొక షిఫ్టు. ఒక్కో సాంచకు దాదాపు ఒక హార్స్‌పవర్ మోటారు. ఎనిమిది సాంచాలు పూర్తి బరువు మీద నడిస్తే ఆరు కిలోవాట్ల దాకా కరెంటు ఆ షెడ్డులోకి వస్తుంది. గుడ్డ నేసినా, కండె తిప్పినా, ఆ కరెంటంతా చివరికి వేడిగానే షెడ్డులో మిగులుతుంది. పగలు రేకు మీద పడ్డ ఎండ, దానికి తోడు ఇది. పొద్దుగూకిన తర్వాత పల్లెలో నేల చల్లబడుతుంటే, రాత్రి షిఫ్టు నడిచే వాడల్లో వేడి కొత్తగా పుడుతూనే ఉంటుంది.

ఉపగ్రహానికి ఇది తెలియదు. పైనుంచి చూస్తే ఆ వాడ "ఒత్తుగా కట్టిన తక్కువ ఎత్తు ఇళ్లు" అనే రకం కింద పడిపోతుంది. లోపల మోటార్లు తిరుగుతున్నాయా, షెడ్డుకు తాళం పడిందా అన్నది పటానికి పట్టదు. నిజానికి సిరిసిల్ల వేడి పంచాంగం ఎండను బట్టే కాదు, ఆర్డర్లను బట్టి కూడా నడుస్తుంది. 2017 నుంచి కొన్నేళ్లు బతుకమ్మ చీరల ఆర్డరు ఉన్నప్పుడు సాంచాలు ఎడతెరిపి లేకుండా నడిచాయి. పని లేని నెలల్లో అవే షెడ్లు నిశ్శబ్దంగా ఉన్నాయి. పని ఉన్న ఏడాది లెక్కతో నేర్పిన మోడల్ పని లేని ఏడాది తప్పు చెబుతుంది.

మరి సాంచాలు నడుస్తున్నాయో లేదో యంత్రానికి ఎలా తెలుస్తుంది? కరెంటు మీటరు చెబుతుంది. ఇక్కడ సిరిసిల్లకు రాష్ట్రంలో ఎవరికీ లేని వసతి ఉంది. ఈ జిల్లాకు కరెంటు ఇచ్చేది 1970లో పెట్టుకున్న సహకార విద్యుత్ సరఫరా సంఘం, మనమంతా సెస్ అని పిలిచేది. ఏ ఫీడరు మీద ఏ వేళకు ఎంత కరెంటు పోయిందో లెక్క ఉంటే, ఏ వాడలో రాత్రి ఎంత వేడి పుట్టిందో అంచనా కట్టవచ్చు. ఒక్కో ఇంటి పేరు, మీటరు నంబరు అక్కర్లేదు, వాడ మొత్తం అంకె చాలు. ఆ సంఘం సభ్యులు కరెంటు వాడే జనమే. తమ ఆరోగ్యానికి సంబంధించిన లెక్కను తమ సంఘం నుంచే అడిగే హక్కు ఇంత సూటిగా ఉన్న పట్టణం మరొకటి నాకు తోచదు.

సిరిసిల్ల పక్కన ఇంకొక మార్పు జరిగింది. మధ్యమానేరు జలాశయం 2018 నాటికి తయారైంది, పాతిక టీఎంసీలకు పైగా నిల్వ. ఊరికి దగ్గరలో అంత నీరు కొత్తగా వచ్చి నిలిస్తే గాలిలో తేమ మారుతుంది. తేమ పెరిగితే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఇది ఎంత అన్నది కొలిస్తేనే తేలుతుంది. జలాశయం రాకముందు లెక్కలతో నేర్పిన మోడల్ మాత్రం ఇవాళ్టి సిరిసిల్లను చూడలేదు.

కోరుట్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. అక్కడ వేడి ఇంటి లోపల ఉంది. ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు నింపి బీడీలు చుట్టే అక్కలు, అవ్వలు పగలంతా గదిలోనే కూర్చుంటారు. ఫ్యాను జోరుగా వేస్తే తంబాకు పొడి లేచిపోతుంది. వీధిలో పెట్టిన ఏ యంత్రమూ ఆ గది వేడిని చెప్పదు. కోరుట్లకు మోడల్ కట్టేవాళ్లు గదుల్లో థర్మామీటర్లు పెట్టకుండా కట్టారంటే, అక్కడ పనిచేసే చాలామందిని లెక్కలోంచి తీసేసినట్టే.

వాన గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే పట్టణ వాతావరణం అంటే ఎండ ఒక్కటే కాదు. 2021 సెప్టెంబరు మొదటి వారంలో సిరిసిల్ల వీధుల్లో వరద పారిన సంగతి మీకు గుర్తుంది. హైదరాబాద్ నుంచి విపత్తు సహాయక బృందాలు రావాల్సి వచ్చింది. 2023 జులైలో పొరుగున నిజామాబాద్ జిల్లా వేల్పూరులో ఒక్క రోజులో 46 సెంటీమీటర్ల వాన పడింది. ఆ తర్వాత రెండు మూడు రోజులకే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఇరవై నాలుగు గంటల్లో 64.98 సెంటీమీటర్లు పడి రాష్ట్ర రికార్డయింది. అంతకు ముందు రికార్డు 2013లో వాజేడులో పడ్డ 51.75 సెంటీమీటర్లు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, మెషిన్ లెర్నింగ్‌లో ఎక్కువగా వాడే రాండమ్ ఫారెస్ట్ అనే పద్ధతికి ఒక హద్దు ఉంది. తాను నేర్చుకున్న లెక్కల్లో ఉన్న అతి పెద్ద అంకెను దాటి అది ఎప్పుడూ చెప్పలేదు. 2022 దాకా రాష్ట్ర వానల లెక్క నేర్పి అడిగితే, లక్ష్మీదేవిపేట వాన దాని నోట రాదు. ఎండకూ ఇదే వర్తిస్తుంది. మునుపు లేనంత వేడి వచ్చే రోజున, మనకు హెచ్చరిక అత్యవసరమైన ఆ రోజునే, అది తక్కువ చెబుతుంది. అందుకే భౌతిక సూత్రాలను మెషిన్ లెర్నింగ్‌కు జోడించి వాడాలి. గతం ఒక్కటే గురువు కాకూడదు.

మోడల్‌ను పరీక్షించడంలో కూడా జాగ్రత్త ఉండాలి. కొన్ని థర్మామీటర్ల లెక్క దాచిపెట్టి, మోడల్ వాటిని సరిగ్గా చెప్పిందా అని చూస్తారు. వీధిలో ఒకటి చూపించి పక్కింటిది దాచితే ఏ మోడలైనా నెగ్గుతుంది, పక్కపక్కన వేడి ఒకేలా ఉంటుంది కనుక. ఒక వాడను మొత్తంగా దాచి అడగాలి. సిరిసిల్ల మోడల్ అయితే సాంచాలు ఎక్కువున్న వాడనే దాచి అడగాలి. మున్సిపాలిటీకి ఎవరైనా రంగుల పటం తెచ్చి చూపిస్తే మొదట అడగవలసిన ప్రశ్న ఇదే: ఏ వాడను దాచి పరీక్ష పెట్టారు?

ఇంత లెక్క ఎందుకంటే, చేయదగిన పని ఉంది కనుక. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. దాన్ని విడుదల చేసిన అప్పటి మున్సిపల్ మంత్రి సిరిసిల్ల ఎమ్మెల్యేనే. 2028 నాటికి హైదరాబాద్‌లో 200 చదరపు కిలోమీటర్లు, మిగతా రాష్ట్రంలో 100 చదరపు కిలోమీటర్ల కప్పుల మీద ఎండను తిప్పికొట్టే తెల్లటి పూత లేదా పొర వేయాలని లక్ష్యం. దీనికి ముందే, 2017లో, హైదరాబాద్ దేవరకొండ బస్తీలో 25 పేద ఇళ్ల మీద తెల్లటి పొర పరిచి చూశారు. ఇంటి లోపల వేడి సగటున రెండు డిగ్రీలు తగ్గింది. మిగతా రాష్ట్రానికి కేటాయించిన ఆ 100 చదరపు కిలోమీటర్లలో సిరిసిల్ల షెడ్లకు, కోరుట్ల గదులకు ఎంత దక్కాలి? ఏ వాడ నుంచి మొదలుపెట్టాలి? దానికే మోడల్ కావాలి. రాత్రి కొలతలు లేని మోడల్ ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు.

మొదలుపెట్టడానికి మనుషులు ఇక్కడే ఉన్నారు. నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, సిరిసిల్లలో కూడా ఉంది. పొలాసలో వ్యవసాయ కళాశాల, కోరుట్లలో పశువైద్య కళాశాల ఉన్నాయి. మార్చి నుంచి జూన్ దాకా, అరచేతిలో పట్టే లెక్కరాసే థర్మామీటర్లను షెడ్లలో, గదుల్లో, డాబాల మీద, మనిషి పడుకునే ఎత్తులో, నిలబడే ఎత్తులో వేలాడదీయాలి. వాటిలో తేమ కొలిచేవి కొన్ని తప్పక ఉండాలి. పొలాస లెక్క ఒక పక్క, సెస్ లెక్క ఒక పక్క పెట్టుకోవాలి. సిరిసిల్లలో ఒకే వరుసలో ఉన్న, ఒకే కొలత ఉన్న షెడ్లు జంటలుగా ఎంచుకుని, ప్రతి జంటలో ఒక దానికి తెల్ల పూత వేసి, రెండోదాన్ని ఉన్నట్టే ఉంచి, రాత్రి షిఫ్టులో రెంటినీ సరిచూడాలి. పూత వేయని షెడ్డు వాళ్లకు వేసవి అయిపోగానే వేయించాలి. వాళ్లు ఆ వేసవి భరించింది అందరి కోసం కనుక, ఇది షరతుగా ముందే రాసుకోవాలి.

విద్యార్థులు కోడ్ రాస్తారు, అధికారులు అనుమతి ఇస్తారు. థర్మామీటరు వేలాడదీయడానికి ఒక మేకు, ఒక మూల ఇవ్వాల్సింది మాత్రం సాంచ నడిపే ఆసాములు, బీడీలు చుట్టే అక్కలు. వచ్చి అడిగినప్పుడు కాదనకండి. ఆ లెక్క మీదే అని, కాపీ ఒకటి మీకు ఇవ్వాలని మాత్రం గట్టిగా అడగండి.